ఐర్లాండ్ రేవు ఊళ్ల నావికుల వంశం వెతకడం: అపోహలు - వాస్తవాలు

ఆర్‌క్లో, రింగ్స్‌ఎండ్, వెక్స్‌ఫర్డ్ లాంటి రేవు ఊళ్లలో చాలా ఇళ్లలో ఒకరైనా ఓడెక్కినవాళ్లే. వాళ్ల వంశం వెతికేవాళ్లు చాలామంది చర్చి రిజిస్టర్లు తిరగేసి, అక్కడితో ఆపేస్తారు. దానికి కారణం కింది అపోహలే.

అపోహ: 1922లో అంతా కాలిపోయింది.

డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ఆవరణలోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు 1922 జూన్ 30న తగలబడింది. 1821 నుంచి 1851 వరకు జరిగిన జనగణన పత్రాలు చాలామటుకు అందులోనే పోయాయి. 1861, 1871 పత్రాలను మాత్రం ప్రభుత్వం ఎప్పుడో నాశనం చేయించింది. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కాగితపు గుజ్జు కింద పోయాయి. ఆ పాపం మంటలది కాదు. అప్పట్లో ఐర్లాండ్ బ్రిటన్ పాలనలో ఉంది కాబట్టి, ఇక ఓడ సిబ్బంది కాగితాలు చేరింది లండన్‌కు. అందుకే పొలం దున్నిన ముత్తాత కన్నా ఓడెక్కిన ముత్తాత ఒక్కోసారి తేలిగ్గా దొరుకుతాడు.

అపోహ: పేరు కొడితే మనిషి దొరుకుతాడు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 1835 నుంచి 1857 వరకు నావికులకు పేర్ల వారీ రిజిస్టర్లున్నాయి. నావికుడికి గుర్తింపు టికెట్ ఇచ్చే పద్ధతి 1845 నుంచి 1853 దాకా నడిచింది, అందులో పుట్టిన ఊరు, కళ్ల రంగు, మొదటిసారి ఓడెక్కిన ఏడాది కూడా రాసేవారు. 1857 తర్వాత 1918 వరకు అలాంటి కేంద్ర రిజిస్టరు దొరకదు. ఆ అరవై ఏళ్లలో మనిషిని పట్టించేది ఓడే.

1855 నుంచి బ్రిటిష్ రిజిస్ట్రీలోని ప్రతి ఓడకు అధికారిక సంఖ్య ఇచ్చారు. ఓడ పేరు మారినా, అమ్ముడై వేరే రేవులో నమోదైనా ఆ సంఖ్య మారదు. క్రూ లిస్టులు, అంటే ఓడ సిబ్బంది జాబితాలు, కట్టలు కట్టింది ఆ సంఖ్య, సంవత్సరం ప్రకారమే. ఒకే పేరుతో పది ఓడలుండొచ్చు కాబట్టి సంఖ్య తేల్చుకోకుండా జాబితా అడిగితే పరాయి ఓడ కాగితాలు చేతికొస్తాయి.

కట్టలు ఒక్కచోట లేవు. 1863–1938 జాబితాల్లో దాదాపు 70 శాతం కెనడాలో, న్యూఫౌండ్‌ల్యాండ్ మెమోరియల్ యూనివర్సిటీకి చెందిన మారిటైమ్ హిస్టరీ ఆర్కైవ్‌లో ఉన్నాయి. 1861, 1862తో పాటు 5తో ముగిసే ఏళ్లవి లండన్ గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో, ఏటా పదో వంతు నమూనా లండన్‌లోనే క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో చూడాలి. ఐర్లాండ్ రేవుల్లో నమోదైన ఓడలవి 1863–1921 మధ్యవి డబ్లిన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోనూ ఉన్నాయి. ముందు డబ్లిన్, ఏడాది 5తో ముగిస్తే గ్రీనిచ్, ఆ తర్వాతే కెనడా. అక్కడ కాపీకి డబ్బు కట్టాలి.

ఓడ పేరే తెలియదంటారా? చివరి నుంచి వెనక్కి రండి. 1915 క్రూ లిస్టులను పేరుతో ఉచితంగా వెతకొచ్చు. 1918–1921 మధ్య నావికులకు ఇచ్చిన కార్డుల్లో చాలావాటికి ఫొటో కూడా ఉంటుంది. ఐర్లాండ్‌లో పుట్టినవాళ్లకు విడిగా సూచిక తయారైంది. జాబితాలో ప్రతి మనిషి ఎదుటా వయసు, పుట్టిన చోటు, హోదా, ముందు పనిచేసిన ఓడ పేరు ఉంటాయి. ఆ చివరి గడే మీకు తాళంచెవి. దాన్ని పట్టుకుని ఒక్కో ఓడా వెనక్కి వెళ్లాలి. దూరప్రయాణపు ఓడకు ప్రయాణానికో జాబితా. తీరం వెంట తిరిగే ఓడకు ఆరు నెలలకొకటి, అంటే ఏడాదికి రెండు. ఒకటే చూసి మనిషి లేడనుకుంటే పొరపాటు.

అపోహ: 1901 జనగణనలో తండ్రి పేరు లేదంటే అప్పటికే పోయినట్టు.

లెక్క రాసింది మార్చి 31 రాత్రి ఇంట్లో ఉన్నవాళ్లనే. 1911లో ఆ రాత్రి ఏప్రిల్ 2. ఓడ మీదున్న మగవాడు ఇంటి పత్రంలో కనపడడు. భార్యే కుటుంబ పెద్దగా ఉంటుంది. ఆమె ఎదుట వితంతువు అనుందా, వివాహిత అనుందా చూడండి. 1911లో వివాహితలు పెళ్లయి ఎన్నేళ్లయిందో, ఎందరు పుట్టారో, ఎందరు మిగిలారో చెప్పాల్సి వచ్చింది. ఆయన కోసం రేవుల్లోని ఓడల పత్రాలు, లివర్‌పూల్, కార్డిఫ్ వైపు జనగణన వెతకాలి. 1901కీ 1911కీ మధ్య మనిషి పదిహేనేళ్లు పెరిగాడా? కంగారు పడకండి: 1909 జనవరి నుంచి డెబ్బై నిండినవాళ్లకు పింఛను మొదలైంది, దానికోసం కొందరు వయసు పెంచి చెప్పారు.

అపోహ: సమాధి రాయి మీద కెప్టెన్ అని ఉంటే ఆయన అర్హత సర్టిఫికెట్ దొరకాలి.

1850 చట్టం సర్టిఫికెట్ తప్పనిసరి చేసింది విదేశీ ప్రయాణాల ఓడల మాస్టర్లకు (కెప్టెన్లకు), మేట్లకు (వాళ్ల కింది అధికారులకు). తీరం వెంట బొగ్గు మోసిన స్కూనర్ (తెరచాప ఓడ) కెప్టెన్‌కు అది అక్కర్లేదు. ఆర్‌క్లో కెప్టెన్లను వెతికేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

అపోహ: నల్లజుట్టు ఉంటే 1588 స్పానిష్ ఆర్మడా నావికుడి వంశం.

ఆర్మడా అంటే ఇంగ్లండ్ మీదికి వచ్చిన స్పెయిన్ నౌకాదళం, దాని ఓడల్లో కొన్ని ఐర్లాండ్ తీరంలో పగిలిపోయాయి. ఒడ్డుకు చేరినవాళ్లలో చాలామందిని చంపేశారు, మిగిలినవాళ్లలో ఎక్కువమంది తప్పించుకుపోయారు. అంత వెనక్కి తీసుకెళ్లే కాగితం సామాన్య కుటుంబానికి దొరకదు. చెప్పుకోవడానికి బాగుంటుంది, అంతే.

అపోహ: పుట్టిన చోటు గడిలో ఉన్నదే అసలు ఊరు.

విక్లో అని రాస్తే అది పట్టణమో, ఆర్‌క్లో ఉన్న కౌంటీయో తెలియదు. క్వీన్స్‌టౌన్ అంటే నేటి కోవ్. 1849 నుంచి స్వాతంత్ర్యోద్యమ కాలం దాకా ఆ పేరుంది. కింగ్స్‌టౌన్ నేటి డన్ లేరీ. పాత పేరు, కొత్త పేరు, కౌంటీ పేరు మూడింటితోనూ వెతకండి.