బడిలో పిల్లాడికి దెబ్బ తగిలితే: తల్లిదండ్రుల అపోహలు, చట్టంలో ఉన్న వాస్తవాలు

నేను అనంతపురం కోర్టులో లాయర్ని. స్కూల్లో పిల్లాడికి తగిలిన దెబ్బ గురించిన గొడవలు నా దగ్గరికి చేరేసరికి మామూలుగా మూడు నాలుగు వారాలు గడిచిపోయి ఉంటాయి. అప్పటికి ప్రిన్సిపాల్‌తో మాటలు అయిపోయుంటాయి, కరస్పాండెంట్ "చూద్దాంలేప్పా" అనేసి ఫోన్ ఎత్తడం మానేసుంటాడు, ఒకరిద్దరు పెద్దమనుషులు మధ్యలో దూరుంటారు. ఫోన్లో ఫోటోలు బోలెడుంటాయి, చేతిలో మాత్రం ఒక్క కాగితమూ ఉండదు. అందుకే నేను ఎక్కువగా వినే మాటలు, వాటికి నేనిచ్చే జవాబులు రాస్తున్నాను. మీ కేసు సంగతి మీ కాగితాలు చూశాకే చెప్పగలం, అది ముందే అనుకోండి.

అపోహ: "గేటు లోపల జరిగింది కాబట్టి తప్పు స్కూలుదే."

ఈ మాట చెప్తే తల్లిదండ్రులకు నా మీదే కోపం వస్తుంది, కానీ చెప్పక తప్పదు. పిల్లలు పరిగెత్తుతారు, పడతారు. పీఈటీ సారు అక్కడే ఉండి, గ్రౌండు బాగుండి, పడిన వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి మీకు ఫోన్ చేసుంటే, చెయ్యి విరిగినా సరే స్కూలు మీద నిర్లక్ష్యం రుజువు చెయ్యడం కష్టం. అదే పిల్లాడు పై అంతస్తు కడుతూ గ్రౌండు పక్కన పడేసిన ఇనుప చువ్వల మీద పడ్డాడనుకోండి, లేదా ఒకటో తరగతిని టీచరు లేకుండా గంటసేపు వదిలేసినప్పుడు బెంచీ మీంచి పడ్డాడనుకోండి, లెక్క మారిపోతుంది. ప్రమాదం జరుగుతుందని మామూలు బుర్ర ఉన్నవాడు ఎవడైనా ముందే ఊహించగలడా, ఊహించగలిగితే దాన్ని ఆపడానికి స్కూలు ఏం చేసింది, కోర్టు చూసేది ఇదే.

ఇంకొకటుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. పడటంలో స్కూలు తప్పు లేకపోయినా పడిన తర్వాతి గంటల్లో ఉండొచ్చు. పదకొండు గంటలకు మోచెయ్యి వాచిపోతే ఐస్ పెట్టి, స్టాఫ్ రూములో కూర్చోబెట్టి, సాయంత్రం బస్సులో ఇంటికి పంపించిన కేసులు చూశాను. అలాంటి చోట నేను ముందు అడిగేది ఎలా పడ్డాడని కాదు, మీకు ఎన్ని గంటలకు ఫోన్ వచ్చిందని. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

అపోహ: "అడ్మిషన్ ఫారంలో 'ఏం జరిగినా స్కూలుది బాధ్యత కాదు' అని ఉంది, మేం సంతకం పెట్టినాం కదా సార్."

ఆ లైను చూపించి భయపెట్టడం స్కూళ్లకు అలవాటు. తన నిర్లక్ష్యానికి తాను బాధ్యుణ్ణి కానని ఒక ప్రింటెడ్ ఫారంలో రాసుకున్నంత మాత్రాన స్కూలు తప్పించుకోలేదు, పైగా దెబ్బ తగిలింది పిల్లాడికి, హక్కు వాడిది. 1995లో ఒక ప్రైవేటు స్కూలు పిల్లల్ని బియాస్ నది దగ్గరికి పిక్నిక్‌కు తీసుకెళ్తే 14 మంది మునిగి చనిపోయారు. ఆ కేసులో (ఎం.ఎస్. గ్రేవాల్, దీప్‌చంద్ సూద్ కేసు) 2001లో సుప్రీంకోర్టు టీచర్ల నిర్లక్ష్యానికి స్కూలు యాజమాన్యమే బాధ్యత వహించాలని చెప్పి, ఒక్కో బిడ్డకు 5 లక్షల పరిహారాన్ని సమర్థించింది. టూరుకు పంపేటప్పుడు మీరు పెట్టిన సంతకానికి, పంపడానికి ఒప్పుకున్నామనే దాకా విలువ. చూసుకోకపోయినా పర్వాలేదని దానికి అర్థం కాదు.

అపోహ: "ఫోటోలు, వీడియోలు ఉన్నాయి, సాక్ష్యం చాలు."

నా దృష్టిలో ఎక్కువ కేసులు చచ్చిపోయేది ఇక్కడే. మన సీమలో చెయ్యి విరిగిందంటే సగం మంది నేరుగా పుత్తూరు కట్టు వేయించేస్తారు. కట్టు మంచిదా కాదా అని నేను వాదించను, నా పని కాదు. కానీ ఎక్స్‌రే లేకుండా కట్టు వేయిస్తే ఎముక విరిగిందని రేపు కోర్టులో చూపించేదానికి మీ దగ్గర ఏమీ ఉండదు. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 116వ సెక్షన్ ప్రకారం ఎముక గానీ పన్ను గానీ విరిగితే, కీలు తప్పితే అది తీవ్ర గాయం. వాచిపోయింది, నొప్పి అంటే మామూలు గాయం. ఒక్క ఎక్స్‌రే ఫిల్ము కేసును ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కు మార్చేస్తుంది.

ముందు పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే ఏ దెబ్బ, ఎలా తగిలిందని డాక్టరు పోలీసుల కోసం రాసే రికార్డు) రాయించండి, తర్వాత మీకు నమ్మకమున్న చోట వైద్యం చేయించుకోండి. పరిస్థితి సీరియస్‌గా ఉంటే మాత్రం దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికే వెళ్లండి. పోలీసు కాగితం కోసం ఆగకుండా ముందు ప్రాణం కాపాడాలని 1989లోనే పర్మానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ప్రైవేటు డాక్టర్లకూ అది వర్తిస్తుంది. "ఎంఎల్‌సీ అంటే పోలీసుల గొడవ, ఎందుకమ్మా" అని నర్సింగ్ హోంలో అంటే వినొద్దు.

ఆ చీటీ చేతికి రాగానే ఒక లైను చదవండి: దెబ్బ ఎలా తగిలిందని రాశారో. స్కూలు వాళ్లే పిల్లాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు "మెట్ల మీంచి జారిపడ్డాడు" అని వాళ్లే చెప్పేస్తారు, డాక్టరు అదే రాసుకుంటాడు. మూడు రోజుల తర్వాత పిల్లాడు "స్కేలుతో కొట్టినాడు" అంటే, మొదటి కాగితంలో అలా లేదే అని అవతలి లాయరు పట్టుకుంటాడు. పిల్లాడు మాట్లాడగలిగే స్థితిలో ఉంటే డాక్టరుకు వాణ్ణే చెప్పనివ్వండి.

సీసీ కెమెరా సంగతీ ఇంతే. చాలా స్కూళ్లలో కొన్ని వారాలకు పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కిపోతుంది. ఏ తేదీ, ఏ సమయం, ఏ చోటు అని రాసి, ఆ ఫుటేజీ తుడిచెయ్యకుండా దాచిపెట్టమని మొదటి వారంలోనే లెటర్ ఇవ్వండి. కాపీ మీద స్టాంపు వేయించుకోండి. స్కూలు వాళ్లు వెయ్యకపోతే స్పీడ్ పోస్టు చెయ్యండి. వేరే పిల్లల మొహాలు కనిపిస్తాయని మీకు కాపీ ఇవ్వకపోవచ్చు, అది కొంతవరకు న్యాయమే, కానీ అడిగిన తర్వాత కూడా ఫుటేజీ మాయమైతే ఆ విషయం మనకు పనికొస్తుంది.

అపోహ: "చదువు కోసం టీచరు రెండు దెబ్బలేస్తే చట్టం ఏమనదు."

అంటుంది. విద్యాహక్కు చట్టం, 2009 లోని 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 లోని 75వ సెక్షన్ కింద, తన ఆధీనంలో ఉన్న పిల్లల్ని అనవసరంగా బాధపడేలా కొడితే 3 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవాళ్లయితే 5 ఏళ్లు, 5 లక్షల దాకా వెళ్తుంది. స్కూలు ఆ రెండో కోవలోకి వస్తుందా రాదా అని వాదన జరుగుతుంది, జరగనివ్వండి. నాకు ఇబ్బంది ఎక్కడంటే, పేరెంట్స్ మీటింగులో అందరి ముందూ "కొట్టండి సార్, భయం లేకుంటే చదవడు" అన్న నాన్నే తర్వాత నా ముందు కూర్చుంటాడు. ఆ మాట విన్న టీచర్లంతా అవతలి వైపు సాక్షులు.

అపోహ: "ఎస్సై కంప్లైంట్ తీసుకోలేదు, ఇంకేం చేస్తాం."

చెయ్యాల్సినవి చాలా ఉన్నాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చింది), అందులో 173వ సెక్షన్ చూడండి. మా స్టేషన్ పరిధి కాదనడానికి లేదు, ఎక్కడైనా తీసుకుని తర్వాత బదిలీ చెయ్యాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే అదే కంప్లైంటు ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి. ఒక జాగ్రత్త: మామూలు గాయం మాత్రమే అయితే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యలేరు, ఎస్సై ఆ మాట చెప్తే ప్రతిసారీ స్కూలుకు అమ్ముడుపోయాడని అనుకోకండి. 3 నుంచి 7 ఏళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేసే వీలూ ఉంది.

అపోహ: "ఖర్చులు ఇచ్చినారు, స్టాంపు పేపరు మీద రాసిచ్చినాం, కథ ముగిసింది."

ముగియలేదు. కోర్టులో దావా నడుస్తుంటే మైనర్ తరఫున తల్లి గానీ తండ్రి గానీ కోర్టు అనుమతి లేకుండా రాజీ పడటానికి వీల్లేదు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డర్, 7వ రూల్. క్రిమినల్ కేసులో రాజీకి వీలున్న నేరమైనా సరే, బాధితుడు 18 లోపు వాడైతే కోర్టు అనుమతి కావాలి. దావా వెయ్యకముందు స్కూలు ఆఫీసులో రాయించుకున్న కాగితాన్ని కూడా, అది పిల్లాడి మేలు కోసమేనా అని కోర్టు చూస్తుంది తప్ప గుడ్డిగా ఒప్పుకోదు. దావా వెయ్యడానికి గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం ప్రకారం పిల్లాడు 18 నిండాక 3 ఏళ్ల లోపు తన పరిహారం కోసం తానే దావా వేసుకోవచ్చు. వైద్యానికి మీరు పెట్టిన డబ్బు మాత్రం మీ హక్కు కాబట్టి మీ గడువు మీకుంటుంది, అది 18 దాకా ఆగదు.

రాజీ వద్దని నేను అనట్లేదు. నిజానికి ఈ గొడవల్లో చాలావాటికి రాజీయే మంచిది, కోర్టు చుట్టూ పిల్లాణ్ణి ఏళ్ల తరబడి తిప్పడం ఏ తల్లికీ ఇష్టముండదు. కానీ రెండో వారంలో రాజీ పడకండి. పిల్లల ఎముకల చివర్లలో ఎదిగే భాగం ఉంటుంది, అక్కడ దెబ్బ తగిలితే అతికిందనుకున్న చెయ్యి ఎదిగే కొద్దీ వంకర తిరగొచ్చు, ఇంకో ఆపరేషన్ పడొచ్చు. ఎముకల డాక్టరుతో ముందు ముందు ఏం కావొచ్చో రాయించుకుని అప్పుడు కూర్చోండి. అప్పటిదాకా డబ్బు ఇస్తే తీసుకోండి, తప్పు లేదు, రసీదు మీద మాత్రం "ఫలానా తేదీ దాకా అయిన వైద్య ఖర్చుల కింద" అని రాయండి. "ఇకమీదట ఎలాంటి క్లెయిము లేదు" అనే వాక్యం కనిపిస్తే పెన్ను మూసేయండి. స్కూలు విద్యార్థులకు ప్రమాద బీమా తీసుకుందేమో కూడా అడగండి, ప్రీమియం ఫీజులోనే కట్టుంటారు, మీకు తెలిసుండదు.

అపోహ: "కన్జ్యూమర్ కోర్టులో వేస్తే తొందరగా తేలుతుంది, ఫీజు కట్టినాం కదా."

2020లో జాతీయ వినియోగదారుల కమిషన్ మను సోలంకి కేసులో, చదువుతో పాటు ఆటలు, ఈత, విహారయాత్రల్లాంటివి కూడా వినియోగదారుల చట్టం కిందికి రావని చెప్పింది, కోచింగ్ సెంటర్లకు మాత్రం ఆ వెసులుబాటు ఇవ్వలేదు. ఆ తీర్పు అడ్డు పెట్టుకుని స్కూలు మొదటి వాయిదాలోనే అభ్యంతరం చెప్తుంది. నేనైతే సివిల్ కోర్టుకే వెళ్తాను.

అపోహ: "కంప్లైంట్ ఇస్తే పిల్లాణ్ణి తీసేస్తారు, టీసీ ఇవ్వరు."

ఎనిమిదో తరగతి అయ్యేదాకా బడినుంచి తీసెయ్యకూడదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్. ప్రభుత్వ బడికో ఎయిడెడ్ బడికో మారాలనుకుంటే టీసీ వెంటనే ఇవ్వాలని 5వ సెక్షన్, టీసీ ఆలస్యమైందని అక్కడ చేర్చుకోకుండా ఉండకూడదు కూడా. ఆపితే ఎంఈఓకు, డీఈఓకు రాయండి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. డీఈఓ విచారణ చేయిస్తే ఆ రిపోర్టు ఆర్టీఐ కింద అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

అపోహ: "కొట్టింది క్లాసులో పిల్లోడే, వాడి మీద కేసు పెట్టాల్సిందే."

7 ఏళ్ల లోపు పిల్లలు చేసింది చట్టం దృష్టిలో నేరమే కాదు. అంతకంటే పెద్ద పిల్లలైతే జువెనైల్ జస్టిస్ బోర్డు చూసుకుంటుంది, స్టేషన్లో కూర్చోబెట్టడం ఉండదు. వాళ్ల అమ్మానాన్నలతో వీధిలో గొడవ పడటం మానేసి, ఆ సమయంలో క్లాసులో టీచరు ఎవరో కనుక్కోండి.

అపోహ: "వాట్సాప్‌లో, యూట్యూబ్ ఛానళ్లలో పెడితే స్కూలు దిగొస్తుంది."

దిగొస్తే రావొచ్చు. కానీ బాధితుడైన పిల్లాడి పేరు, ఊరు, స్కూలు, గుర్తుపట్టే వివరాలు మీడియాలో రాకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెప్తోంది, అది మీ బిడ్డకూ వర్తిస్తుంది. స్కూలు మీ మీద పరువునష్టం నోటీసు పంపడానికి అవకాశం మీరే ఇచ్చినవాళ్లవుతారు. ఆ నోటీసుకు జవాబు రాసే ఖర్చు వేరే.

అపోహ: "లాయరు ఫీజు మోయలేం, పెద్ద స్కూలుతో ఎక్కడ పోరాడతాం."

లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987 లోని 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకు, స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోండి, లేదా 15100కు ఫోన్ చెయ్యండి. పిల్లాడు భయపడి బడికి పోనంటుంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 కూడా పనిచేస్తుంది. వెళ్లేటప్పుడు ఎంఎల్‌సీ వివరాలు, ఎక్స్‌రే, బిల్లులు, స్కూలుకు ఇచ్చిన లెటర్ కాపీ, ఫీజు రసీదు తీసుకెళ్లండి. ఏ రోజు ఎవరు ఏమన్నారో ఒక తెల్లకాగితం మీద తేదీల వారీగా రాసుకుని అదీ పెట్టుకోండి.