ఏడు వేల బీట్‌లు, ఇరవై మంది మనుషులు

1982లో రూనె ఆస్లిడ్ బృందం కణత దగ్గర ఎముక పలచగా ఉండే చోటి నుంచి 2 మెగాహెర్ట్జ్ అల్ట్రాసౌండ్ పంపి, మెదడు ధమనుల్లో రక్తం ఎంత వేగంగా పోతోందో కొలిచింది. ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్ అలా మొదలైంది. ఇందులో తెలిసేది వేగమే. ఎంత రక్తం పోతోందో చెప్పాలంటే ధమని వెడల్పు మారలేదని నమ్మాలి. ఈ లోటును ఏ గణాంక పద్ధతీ పూడ్చలేదు.

అసలు చిక్కు డేటా ఎక్కువ కావడంతో వస్తుంది. ఇరవై మందిని ఐదేసి నిమిషాలు రికార్డు చేశారనుకోండి. నిమిషానికి 70 చొప్పున ఒక్కొక్కరికి 350 బీట్‌లు (గుండె చప్పుళ్లు), మొత్తం 7,000. వీటన్నిటినీ వేరువేరు కొలతలుగా, రెండు సగటుల తేడాను పరీక్షించే టి-టెస్ట్‌కు అప్పగిస్తే, చాలా చిన్న తేడా కూడా గణాంకపరంగా 'ముఖ్యమైనది'గా తేలిపోవచ్చు. కానీ ఒకే మనిషి బీట్‌లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆ పోలిక, 1 అంటే పూర్తి పోలిక అనుకుంటే, 0.9 ఉంటే, లెక్క ప్రకారం 7,000 బీట్‌ల విలువ సుమారు 22 స్వతంత్ర కొలతలకు సమానం! అంటే మనుషుల సంఖ్యకు దాదాపు దగ్గరే. కుడి, ఎడమ ధమనులను ఇద్దరు మనుషులుగా లెక్కేసినా ఇదే తప్పు. మనిషికొక సగటు తీసుకోవడం తేలిక దారి. కాలంతో వచ్చే మార్పు కూడా కావాలంటే, ఒక్కో మనిషి కొలతలను ఒక గుంపుగా గుర్తించే మిశ్రమ నమూనా (మిక్స్‌డ్ మోడల్) నయం.

రక్తంలో కొట్టుకుపోయే చిన్న గడ్డల సంకేతాలను లెక్కపెట్టేటప్పుడు సగటు కూడా పనికిరాకపోవచ్చు. చాలామందిలో సున్నా, కొందరిలో పదులకొద్దీ వస్తాయి. లెక్కింపు డేటా కోసమే ఉన్న నెగటివ్ బైనామియల్ లాంటి నమూనాలు అక్కడ సరిపోతాయి.

సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ఉన్న పిల్లల్లో వేగం సెకనుకు 200 సెంటీమీటర్లకు చేరితే, పక్షవాతం రాకుండా క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తారు. 1998లో వెలువడిన ట్రయల్ దీనికి ఆధారం. ఇప్పుడు ఒక టెక్నీషియన్ ప్రతిసారీ మరొకరికన్నా 20 ఎక్కువ చూపిస్తే? ఇద్దరి కొలతల మధ్య సహసంబంధం అచ్చంగా 1 వస్తుంది, పేపర్‌లో చూడ్డానికి భేషుగ్గా ఉంటుంది. కానీ ఒకే పాప ఒకరి చేతిలో 190, ఇంకొకరి చేతిలో 210. అందుకే గణాంక నిపుణులు బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో సూచించినట్టు తేడాలనే గ్రాఫ్‌లో గీసి చూడాలి.

మరో సంగతి: కొందరికి కణత ఎముక మందంగా ఉండి సిగ్నలే దొరకదు. వయసు మళ్లిన స్త్రీలలో ఇది ఎక్కువ. వాళ్లను మారుమాట లేకుండా తీసేస్తే, మిగిలిన సగటు ఇంకెవరిదో అవుతుంది.