సుగ్గి బండి వెనక ధాత కరువు

కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి, కౌతాళం వైపు వాన ముఖం చాటేసిన ఏడాది ఊళ్లకు ఊళ్లే తాళాలు వేసుకుంటాయి. బియ్యం మూటలు, వంట సామాను, బడి మానిన పిల్లలు అన్నీ ఒకే బండి ఎక్కుతాయి. గుంటూరు, పల్నాడు చేలలో మిరపకాయలు కోయడానికి. ఇక్కడ దీన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. కారణం కరువేనని అందరూ అంటారు. మరి ఊళ్లో ఉపాధి పని ఉన్నా ఎందుకు పోతున్నారు?

ఈ ప్రశ్న వెనక పాత కథ ఉంది. 1876-78 ధాత కరువులో మద్రాసు ప్రభుత్వం రోడ్లు, చెరువుల పనులు పెట్టింది. జనం విరగబడి వచ్చేసరికి ఖర్చు ఎక్కువైందని, దాన్ని తగ్గించడానికి రిచర్డ్ టెంపుల్ అనే ఇంగ్లీషు అధికారిని పంపారు. ఆయన మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. అంటే అర కిలో కూడా లేదు. ఆడవాళ్లకు అంతకన్నా తక్కువ. నిజంగా ఆకలి ఉన్నవాడైతే ఎంత దూరమైనా వస్తాడని, పని చోటు ఇంటికి పది మైళ్ల అవతల ఉండాలని నియమం పెట్టారు. ఎండిపోయిన మనిషి పది మైళ్లు నడిచి తన ఆకలి రుజువు చేసుకోవాలన్నమాట! ఈ కూలితో మనుషులు బతకరని శానిటరీ కమిషనర్ కార్నిష్ పోట్లాడాక కొంత పెంచారు. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా దాదాపు నాలుగో వంతు జనాన్ని పోగొట్టుకుంది.

తిరగబడే ధైర్యం ఎందుకు రాలేదని అడిగేవాళ్లకు కోయిలకుంట్ల చూపించాలి. ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడినందుకు 1847లో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తలను అక్కడి కోటలో వేలాడదీసి, 1877 దాకా దించలేదంటారు. కరువు ముదిరిన ఏడాది కూడా అదే.

స్వాతంత్ర్యం వచ్చాక పేదల మీద సర్కారు అనుమానం తగ్గిందా అంటే, రూపం మారింది. 2004లో రైతు ఆత్మహత్యలకు లక్షన్నర పరిహారమంటూ 421 నంబరు జీవో వచ్చింది. రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల కమిటీ వచ్చి అప్పు కాగితాలు అడుగుతుంది. వడ్డీ వ్యాపారి కాగితం ఇవ్వడు. పొలం పాస్‌బుక్ మామ పేరు మీద ఉంటుంది. మొగుణ్ని పోగొట్టుకున్న మనిషి ఆఫీసులో అధికారులకు, ఇంట్లో అత్తమామలకు, రెండు చోట్లా జవాబు చెప్పుకోవాలి. కరువు, సారా కలిసి ఇంటి మీద పడితే ఏమవుతుందో ఈ జిల్లా ఆడవాళ్లకు ముందే తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమంలో కర్నూలు పల్లెల ఆడవాళ్లూ దుకాణాల మీదికి వెళ్లారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది.

అనుమానం లేని పథకం ఒకటి వచ్చిందంటే అది 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీయే. పని ఐదు కిలోమీటర్ల లోపే, అంతకు మించితే పది శాతం అదనం. ఆడా మగా ఒకే కూలి. పదిహేను రోజుల్లో డబ్బు. టెంపుల్ నియమాలకు ఇవి అచ్చంగా తలకిందులు. తర్వాత రోజుకు రెండుసార్లు ఫోటో హాజరు, ఆధార్‌తో ముడిపడిన చెల్లింపులు వచ్చాయి. దొంగ హాజర్లు ఉన్న మాట నిజమే. కానీ సిగ్నల్ లేని కొండ కింద ఫోటో ఎక్కకపోతే మట్టి తవ్విన చేతులకే నష్టం. డబ్బు ఎప్పుడు పడుతుందో తెలియక టెన్షన్ పడుతున్న ఇంటికి, కూలీలను చేలకు తీసుకెళ్లే మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. బండి ఎక్కేది ఆ అడ్వాన్సు చూసే.

అక్కడ చేను గట్టున గుడారంలో మొగుడు చెయ్యి చేసుకుంటే, తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా కేసు పెట్టొచ్చని 2005 గృహహింస చట్టం చెబుతుంది. అడ్వాన్సు తీసుకున్నది మొగుడు. తీరేదాకా ఇద్దరూ కోయాలి. తిరిగి ఊరికి తెచ్చే బండి మేస్త్రీది.