బ్యానర్ యాడ్ ఎక్కడ పెట్టాలి: అపోహలు, వాస్తవాలు

నేను ఆండ్రాయిడ్ యాప్‌లు చేస్తాను, ఎక్కువగా తెలుగు క్యాలెండర్, వంటల పుస్తకం లాంటివి. బ్యానర్ (స్క్రీన్ అంచున పట్టీలా కనిపించే యాడ్) సరిగ్గా రావట్లేదని కోడ్ పట్టుకొచ్చే కుర్రాళ్లలో చాలామంది చేసేది ఒకటే. యాప్ మొత్తం కట్టేసి, చివర్లో బ్యానర్‌కి చోటు వెతుకుతారు. ఇల్లు కట్టాక మెట్లకి చోటు వెతికినట్టే. స్క్రీన్ గీసే మొదటి రోజే దాని చోటు తేలిపోవాలి.

అపోహ: బటన్ పక్కన పెడితే క్లిక్‌లు పెరుగుతాయి, డబ్బూ పెరుగుతుంది.

క్లిక్‌లు పెరిగే మాట నిజమే. నా క్యాలెండర్ యాప్‌లో "రేపు" బటన్ అడుగున ఉండేది, దానికి ఆనుకునే బ్యానర్. మొదటి వారం లెక్కలు చూసి సంబరపడ్డాను. ఆ తర్వాత ఒకరోజు మా అమ్మ తిథి చూసుకుంటూ "రేపు" నొక్కబోయి యాడ్ నొక్కింది. బ్రౌజర్ తెరుచుకుంది. "ఏదో అయిపోయింది, చూడరా" అని కంగారుగా ఫోన్ నా చేతిలో పెట్టింది. అప్పటిదాకా నేను ఆదాయం అనుకున్నవి ఇలాంటి పొరపాటు వేళ్లే. కొద్ది రోజులకే నా యాప్‌కి యాడ్‌లు రావడం బాగా తగ్గిపోయింది.

పొరపాటున పడే క్లిక్‌లను, యాప్‌లకి యాడ్‌లు పంపే యాడ్ నెట్‌వర్క్‌లు చెల్లని క్లిక్‌లుగా లెక్కగట్టి, ఆ డబ్బు కోసేస్తాయి. బటన్లకీ మెనూలకీ చాట్ రాసే డబ్బాకీ ఆనించి బ్యానర్ పెట్టొద్దని గూగుల్ వాళ్ల యాడ్ నెట్‌వర్క్ యాడ్‌మాబ్ నిబంధనల్లోనే ఉంది. నేను బటన్లను పైకి, తేదీ పక్కకి మార్చాను. అడుగున బ్యానర్ ఒక్కటే మిగిలింది. దాని పైన ఒక గీత, కాస్త ఖాళీ.

అపోహ: ఫ్రేమ్ లేఅవుట్‌లో అడుగున అంటిస్తే పనైపోతుంది.

ఫ్రేమ్ లేఅవుట్ అంటే భాగాలని ఒకదాని మీద ఒకటి పేర్చే అమరిక. అందుకే అలా చేస్తే బ్యానర్ కంటెంట్ మీద కూర్చుంటుంది. లిస్ట్‌లో చివరి వంటకం ఎప్పటికీ దాని వెనకే ఉండిపోతుంది. యాడ్ కంటెంట్‌ని కప్పడం నిబంధనలకూ విరుద్ధం. భాగాలని ఒకదాని కింద ఒకటి పెట్టే నిలువు లీనియర్ లేఅవుట్ తీసుకోండి. లిస్ట్‌కి ఎత్తు 0 డీపీ (ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ కొలత), వెయిట్ (మిగిలిన చోటులో వాటా) 1 ఇవ్వండి, దాని కింద బ్యానర్ పెట్టండి. మిగిలిన చోటంతా లిస్ట్ తీసుకుంటుంది, ఒకదాని మీద ఒకటి ఎక్కదు. అంచులని ఒకదానికొకటి కట్టే కన్‌స్ట్రెయింట్ లేఅవుట్ అయితే లిస్ట్ అడుగుని బ్యానర్ తలకి కట్టండి.

అపోహ: యాడ్ వచ్చాకే దానికి చోటివ్వాలి, లేకపోతే ఖాళీగా కనిపిస్తుంది.

ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే తప్పు. నెట్ నెమ్మదిగా ఉంటే యాడ్ మూడు నాలుగు సెకన్ల తర్వాత వస్తుంది. అప్పటికి చదివేవాళ్ల వేలు స్క్రీన్ మీద ఉంటుంది. ఒక్కసారిగా స్క్రీన్ మీదున్నదంతా కదిలి, వేలి కిందకి యాడ్ వచ్చేస్తుంది. స్క్రీన్ అంచున నిలిచి ఉండే (యాంకర్డ్) అడాప్టివ్ బ్యానర్‌కి, అంటే ఫోన్ వెడల్పుని బట్టి సైజు మారే బ్యానర్‌కి, వెడల్పు చెప్పగానే, యాడ్ రాకముందే ఎత్తు ఎంతో తెలిసిపోతుంది. ఆ ఎత్తు ముందే కేటాయించండి. యాడ్ రాకపోతే ఆ ఖాళీ అలాగే ఉండనివ్వండి, నష్టమేమీ లేదు.

అపోహ: బ్యానర్ కనబడలేదంటే యాడ్ యూనిట్ ఐడీ తప్పు.

ఆ ఐడీ అంటే యాడ్ నెట్‌వర్క్ మన బ్యానర్‌కి ఇచ్చే గుర్తింపు కోడ్. దాన్ని అనుమానించే ముందు లాగ్ (యాప్ నడుస్తూ రాసే సందేశాల చిట్టా) చదవండి. మామూలు బ్యానర్‌కి 320 × 50 డీపీ కావాలి. 360 డీపీ వెడల్పున్న ఫోన్‌లో స్క్రీన్‌కి అటూ ఇటూ 16 చొప్పున, లోపలి కార్డుకి 8 చొప్పున ప్యాడింగ్ (అంచున వదిలే ఖాళీ) ఇచ్చారనుకోండి, మిగిలేది 312. ఎనిమిది డీపీలు తక్కువైనా బ్యానర్ రాదు. దాన్ని ప్యాడింగ్ బయటికి తీసుకురండి, వస్తుంది.

అపోహ: నా ఫోన్‌లో బాగుంది కాబట్టి అందరి ఫోన్లలోనూ బాగుంటుంది.

ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ కోసం చేశామో చెప్పే టార్గెట్ ఎస్‌డీకేని 35కి మార్చిన యాప్ ఆండ్రాయిడ్ 15 ఫోన్‌లో సిస్టమ్ బార్ల కిందికి కూడా పరుచుకుంటుంది. మూడు బటన్ల నావిగేషన్ బార్ ఎత్తు 48 డీపీ. అంటే 50 డీపీ బ్యానర్‌లో శుభ్రంగా కనిపించేది 2 డీపీలే! బ్యాక్ నొక్కబోయిన వేలు యాడ్ అంచుకి తగిలే ప్రమాదం కూడా ఉంది. సిస్టమ్ బార్లు ఎంత చోటు తీసుకున్నాయో చెప్పే విండో ఇన్‌సెట్స్ తీసుకుని అడుగున అంత ప్యాడింగ్ ఇవ్వాలి. ఐఫోన్‌లో ఇదే పనికి సేఫ్ ఏరియా ఉంది.

తెలుగు యాప్ అయితే ఇంకొకటి చూడాలి. పెద్దవాళ్లు ఫాంట్ సైజు పెంచి పెట్టుకుంటారు. అక్షరాలు పెరుగుతాయి, ఒత్తులూ గుణింతాలూ ఉన్నందుకు వరుసల ఎత్తు ఇంకా పెరుగుతుంది, బ్యానర్ మాత్రం అంతే ఉంటుంది. "తర్వాతి పేజీ" అన్న బటన్ రెండు వరుసలై, మీరు వదిలిన ఖాళీని మింగేసి బ్యానర్‌కి ఆనుకుంటుంది. రిలీజ్‌కి ముందు ఒక చిన్న ఫోన్ తీసుకుని, ఫాంట్ అన్నిటికన్నా పెద్ద సైజులో పెట్టి, టెస్ట్ యాడ్‌లతో ప్రతి స్క్రీనూ బొటనవేలితో నొక్కి చూడండి.