ఎర్ర టోపీ వెనక కథ

సికింద్రాబాద్ కంటోన్మెంట్ రోడ్ల మీద తిరిగేవాళ్లు ఈ మనిషిని చూసే ఉంటారు. ఎర్ర టోపీ, తెల్ల బెల్టు, చేతికి నల్ల పట్టీ, దాని మీద ఎర్రగా ‘ఎంపీ’ అన్న అక్షరాలు. మిలిటరీ పోలీసు. ఆయనకు మనతో పెద్దగా పని లేదు, జవాన్లతోనే పని.

2021 మే 8న బెంగళూరులోని మిలిటరీ పోలీస్ కేంద్రంలో 83 మంది మహిళలు ఇదే యూనిఫాంలో కవాతు చేశారు. 61 వారాల శిక్షణ పూర్తిచేసుకుని వచ్చినవాళ్లు. వైద్య విభాగాలు కాక మిగతా శాఖల్లో మహిళలు 1992 నుంచి అధికారులుగా ఉన్నారు. జవాన్లుగా చేరడం మాత్రం అదే మొదలు. ఆ తలుపు ఇక్కడే ఎందుకు తెరుచుకుంది?

ఈ విభాగం 1939లో, రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొస్తున్న రోజుల్లో మొదలైంది. అప్పట్లో వీళ్లను ప్రోవోస్ట్ అనేవారు. యుద్ధంలో వేల బండ్లు ఒకే దారిన పడితే ఏది ముందు, ఏది వెనక అని తేల్చే మనిషి కావాలి. పట్టుబడ్డ శత్రుసైనికులను వెనక్కి చేర్చాలి. 1971లో ఢాకా లొంగుబాటుతో దాదాపు 93,000 మంది చేజిక్కారంటే ఆ పని బరువెంతో ఊహించుకోవచ్చు.

అసలు సంగతి 1950 ఆర్మీ చట్టంలో ఉంది. 107వ సెక్షన్ ప్రకారం ప్రోవోస్ట్ మార్షల్, అంటే మిలిటరీ పోలీసు అధికారి, తప్పుచేసిన జవానును అరెస్టు చేయొచ్చు, విచారణ కోసం నిర్బంధించొచ్చు. సొంతంగా శిక్ష మాత్రం వేయకూడదు. అధికారిని పట్టుకోవాలంటే మరో అధికారి ఆదేశం ఉండాల్సిందే. చేతిలో తుపాకీ ఉన్నవాళ్ల మీద పెట్టిన కాపలాకు కూడా చట్టం ఇలా హద్దు గీసింది. నాకు ఈ సెక్షన్ మీద ఎంతో గౌరవం.

ఇక ఆ తలుపు సంగతి. నేరాల దర్యాప్తు కూడా ఈ విభాగం పనే. ఫిర్యాదు చేసింది మహిళ అయితే? సోదా చేయాల్సిన ఇంట్లో ఆడవాళ్లే ఉంటే? మగ జవానుకు అది సాధ్యం కాదు, తగదు కూడా. 2019 జనవరిలో అప్పటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ మహిళలను తీసుకుంటామని, దశలవారీగా విభాగంలో వారి వాటా 20 శాతానికి చేరుతుందని ప్రకటించారు. నా మట్టుకు అది చాలా ఆలస్యంగా వచ్చిన నిర్ణయం. సోదాలు అంతకు దశాబ్దాల ముందు నుంచీ జరుగుతూనే ఉన్నాయి.