నల్లుల విడిది

చిరంజీవులందరికీ తాతయ్య ఆశీస్సులు.

చిట్టితల్లి రాసిన ఉత్తరం అందింది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చిన పాత సోఫా మీ ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు నల్లులు బయటపడ్డాయట. అప్పటినుంచి దీపం ఆర్పితే నిద్ర రావడం లేదనీ, బడిలో కూర్చున్నా కాళ్ళ మీద ఏదో పాకుతున్నట్టే ఉంటోందనీ రాసింది. చివర ఒక ప్రశ్న వేసింది: "ఇద్దరం ఒకే మంచం మీద పడుకుంటాం కదా, తమ్ముడిని వదిలేసి నన్నే ఎందుకు కుడుతున్నాయి?" మీకందరికీ పనికొస్తుందని జవాబు ఉమ్మడిగా రాస్తున్నాను.

ఇది చదువుతూ మీలో ఒకరైనా ఈపాటికి మెడ గోక్కుంటూ ఉంటారు. గోక్కోండి. నల్లి పేరు తలుచుకుంటే చాలు, రాస్తున్న నాకే వీపు దురద పెడుతోంది. నల్లి మంచంలో ఉంటుంది గాని, నల్లి ఉందన్న అనుమానం మనతో బడిదాకా వస్తుంది.

తమ్ముడి సంగతి. వాడినీ కుడుతున్నాయమ్మా. నల్లి నోటి తడి పడితే కొందరి ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి, కొందరికి మచ్చ కూడా కనబడదు. నీ ఒళ్ళు ఫిర్యాదు చేస్తోంది, వాడి ఒళ్ళు చేయడం లేదు, అంతే.

నల్లిని పిలవని పెళ్ళికి వచ్చే భోజనప్రియుడు అనుకోండి. నిజానికి పిలుపు మనదే. మనం విడిచే ఊపిరి, మన ఒంటి వేడి, ఈ రెండే శుభలేఖ. ఈయనకు రెక్కలు లేవు, గెంతడం రాదు, నడిచే రావాలి. అందుకని విడిది పందిరికి దగ్గరలోనే చూసుకుంటాడు: పరుపు కుట్ల సందులు, మంచం అతుకులు, తలవైపు చెక్క వెనకభాగం. ఇల్లంతా గాఢనిద్రలో ఉండగా బంతిలో కూర్చుంటాడు. ఒక విస్తరి దగ్గర కుదరకపోతే పక్క విస్తరికి జరుగుతాడు, అందుకే ఒక్కోసారి దద్దుర్లు వరసగా కనిపిస్తాయి. ఐదు పది నిమిషాల్లో భోజనం ముగించి విడిదికి వెళ్ళి పడుకుంటే మళ్ళీ కొన్ని రోజులదాకా కదలడు. పిల్లనల్లి దర్జా ఇంకోరకం. అది పెద్దదయ్యేలోగా ఐదుసార్లు బట్టలు మార్చాలి, మార్చే ప్రతిసారీ ముందుగా ఒక విందు జరగాలి. విడిచిన బట్టలు పల్చని గోధుమరంగు పొట్టులా అక్కడే పడేస్తుంది. పెళ్ళివారు విడిదిని ఎలా పాడుచేస్తారో మీకు తెలుసు కదా, వీళ్ళూ అంతే. కుట్ల పొడవునా నల్లటి చుక్కలు పెడతారు. తడిగుడ్డతో రుద్దితే ఆ చుక్కలు తుప్పురంగులో అలుక్కుంటాయి. పెళ్ళికూతురెవరని మాత్రం నన్ను అడగకండి.

భయమేసి హాల్లో పడుకుంటున్నావట. వద్దు. పందిరి మారిస్తే విడిది కూడా మారుతుంది, అప్పుడు రెండు గదుల్లో వెతుక్కోవాలి. నల్లులు మనుషులకు రోగాలు అంటించినట్టు ఇంతవరకు రుజువు కాలేదు. ఆ విషయంలో దోమ ముందు నల్లి ఎందుకూ కొరగాదు. గోకి గోకి పుండు చేసుకోవడమే మనం జాగ్రత్తపడవలసింది.

మా చిన్నతనంలో ఎండాకాలం రాగానే నులక మంచాలన్నీ వాకిట్లోకి చేరేవి. నేనూ మా అన్నయ్యా చెరో వైపూ పట్టుకుని మంచం కోళ్ళను నేలకేసి దబదబ కొట్టేవాళ్ళం. పట్టెల సందుల్లోంచి నల్లులు రాలేవి. మా అమ్మ మరిగే నీళ్ళు తెచ్చి అతుకుల్లో పోసేది. ఎన్ని రాలాయో లెక్క చెప్పడంలో ఇద్దరికీ పోటీ, అబద్ధాలు కూడా ఆడేవాళ్ళం. నలిగిన నల్లి వాసన అన్నం తినేటప్పుడు కూడా ముక్కును వదిలేది కాదు. అయినా రాత్రి అదే మంచం మీద ఆదమరచి నిద్రపోయేవాళ్ళం. వాటిని పగటి వెలుగులో, మా కాళ్ళ దగ్గర చూసేశాం కదా!

ఎండ ఒక్కటే చాలదు, వెచ్చబడగానే అవి లోపలి సందుల్లోకి దూరతాయి. యాభై డిగ్రీలకు మించిన వేడి కొంతసేపు నేరుగా తగిలితే మాత్రం పెద్దవీ గుడ్లూ కూడా చస్తాయి. దుప్పట్లు బాగా వేడినీళ్ళలో ఉతికించండి. డీడీటీ అనే పురుగుమందు వచ్చిన కొత్తలో నల్లుల పని అయిపోయిందనుకున్నారు, కొన్నేళ్ళకే దాన్ని తట్టుకునే నల్లులు తయారయ్యాయి. మందు కొట్టే పని తెలిసినవాళ్ళకే వదలండి. కిరసనాయిలు జోలికి పోవద్దని నాన్నతో చెప్పండి. రెండు వారాలకు ఇంకోసారి మందు పడాలి, ఆలోగా మిగిలిన గుడ్లు పిల్లలవుతాయి.

నీ స్నేహితురాలు "మీ ఇల్లు మురికి" అన్నదని రాశావు. నల్లి శుభ్రత చూసి రాదు, సోఫా ఎక్కి వస్తుంది. శివుడు కొండ మీద, విష్ణువు పాము మీద పడుకోవడం నల్లిబాధ పడలేకేనని మన తెలుగు చాటుకవి ఒకాయన ఎప్పుడో తేల్చేశాడు. దేవుళ్ళ ఇళ్ళకే తప్పలేదట! పక్కింటివాళ్ళకు చెప్పడానికి సిగ్గుపడకండి. దాచిపెడితే వాళ్ళ ఇంట్లోనూ చేరతాయి.

మీకు తెలియని ముచ్చట ఒకటి. బల్గేరియా, సెర్బియా పల్లెల్లో పూర్వం రాత్రిపూట మంచం చుట్టూ బీన్స్ ఆకులు పరిచి, తెల్లవారాక తీసి కాల్చేసేవారట. ఆకు అడుగున కంటికి ఆనని కొక్కేలు ఉంటాయి. నల్లి కాలు మోపగానే అవి గుచ్చుకుని కదలనివ్వవు. 2013లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు ఆ కొక్కేలను అచ్చు పోసి చూశారు. రూపం కుదిరింది గాని నల్లి చిక్కలేదు. ఆకు చేతనైన పని అచ్చుకు చేతకాలేదు. ఎందుకని? ఒక బీన్స్ ఆకు తెచ్చి, అడుగువైపు వేలితో మెల్లగా నిమిరి చూడండి.

ఇక చిట్టితల్లికి ఒక పని. మంచం గోడకు తగలకుండా జరిపించు, దుప్పటి నేలను తాకనివ్వకు. పడుకునే ముందు అమ్మతో కలిసి టార్చి వేసి కుట్లన్నీ ఒక్కసారి చూడు. ఆ తర్వాత ఏది పాకినట్టు అనిపించినా లేవవద్దు, పొద్దున చూసుకోవచ్చు. పగలు ఒకటి దొరికితే టేపుకు అంటించి భూతద్దం కింద పెట్టు. కాళ్ళు లెక్కపెట్టు. కడుపు ఎర్రగా ఉబ్బి ఉందో, పల్చగా ఖాళీగా ఉందో చూసి, బొమ్మ గీసి నాకు పంపు. తమ్ముడిని కూడా గీయమను.

ఆశీస్సులతో,
తాతయ్య