ఊళ్ళో పద్యనాటకం వేద్దామనుకునేవారికి: అపోహలు - వాస్తవాలు

మిర్యాలగూడ, హుజూర్‌నగర్, దేవరకొండ వైపు ఊళ్ళైనా, అటు గద్వాల, అలంపురం వైపైనా వరికోతలు అయిపోయాయంటే చాలు, "ఈసారి హరిశ్చంద్ర ఆడదామా" అన్న మాట రచ్చబండ మీద లేస్తుంది. వేషాలు పంచుకోవడం ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది. చిక్కులన్నీ ఆ తర్వాతే. వాటిలో చాలావరకు ఊళ్ళో ఎప్పటినుంచో నలుగుతున్న కొన్ని మాటలను నమ్మడం వల్ల వచ్చేవే.

అపోహ: "శ్రుతి ఎంత పెంచితే పద్యం అంత లేస్తది."

వాస్తవం: మైకులు లేని కాలంలో చివరి వరుసకు వినబడాలంటే పై శ్రుతిలో పాడక తప్పేది కాదు. ఆ అవసరం పోయినా అలవాటు మిగిలిపోయింది. ఇవాళ గొంతును చివరి వరుస దాకా మోసేది మైకు. నటుడు చూసుకోవాల్సింది మాట స్పష్టంగా ఉందా లేదా అన్నదే.

హార్మోనియం మీద లెక్క ముందు తెలుసుకోండి. మొదటి తెల్లమెట్టు ఒకటి, దాని పక్క నల్లమెట్టు ఒకటిన్నర, ఆపై తెల్లది రెండు, నల్లది రెండున్నర, తెల్లది మూడు. మూడున్నర లేదు, ఎందుకంటే అక్కడ నల్లమెట్టు లేదు. వెంటనే నాలుగు, నాలుగున్నర, ఐదు అలా సాగుతుంది. "నాది ఐదు శ్రుతి" అని గొప్పగా చెప్పుకునేవారు ఉంటారు. ఆ ఐదులో మొదటి పద్యం బాగానే వస్తుంది. ఆరో పద్యానికి గొంతు పట్టేస్తుంది, కాటిసీను చేరేసరికి జీర వస్తుంది.

శ్రుతి తేల్చే పద్ధతి ఇది. గంటసేపు రిహార్సల్ చేసి గొంతు కొంత అలిశాక, మీ వేషంలో అన్నిటికన్నా పైకి వెళ్ళే పద్యాన్ని వరసగా మూడుసార్లు పాడండి. మూడోసారి పైస్థాయిలో మెడ నరాలు బిగుసుకుంటే అర మెట్టు దించండి. మళ్ళీ మూడుసార్లు పాడండి. హాయిగా వచ్చిన చోటే మీ శ్రుతి. దాన్ని రాతప్రతిలో ప్రతి పద్యం పక్కన అంకెతో రాసుకోండి, హార్మోనిస్టు దగ్గర ఉన్న ప్రతిలోనూ అదే అంకె ఉండాలి.

హరిశ్చంద్రుడిది మూడు, చంద్రమతిది ఐదు అయితే ఇద్దరినీ నాలుగుకు లాగకండి, ఇద్దరి గొంతులూ చెడతాయి. ఎవరి శ్రుతి వారికే ఉంచి, మారే చోట హార్మోనిస్టు కొత్త శ్రుతి షడ్జమ పంచమాలను (స, ప స్వరాలను) రెండు మూడు సెకన్లు పట్టి నిలపాలి. ఆ రెండు సెకన్లు నటుడు తొందరపడకుండా ఉండటమూ రిహార్సల్‌లో నేర్వాల్సిందే. ఎక్కువ అపశ్రుతులు పుట్టేది ఇక్కడే.

అపోహ: "యతి దగ్గర ఊపిరి తీసుకోవాలె."

వాస్తవం: తెలుగు యతి అక్షరాల మైత్రి, ఆగమని చెప్పే గుర్తు కాదు. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండోది, శార్దూలంలో పదమూడోది, మత్తేభంలో పద్నాలుగోది పాదం మొదటి అక్షరంతో స్వరంలోనూ హల్లులోనూ కలవాలి, అంతే. ఆ చోట మాట ఇంకా సగంలోనే ఉండవచ్చు. పాదం చివరా అంతే, మాట తర్వాతి పాదంలోకి పారుతూ పోతుంది.

'పుత్రశోకదావానలము' అన్న సమాసమే చూడండి. ఊపిరి చాలక 'పుత్రశోకదావా' దగ్గర ఆగి అక్కడే రాగం తీస్తే, వినేవాడికి బిడ్డ పోయిన దుఃఖానికి బదులు కోర్టులో వేసే దావా వినిపిస్తుంది. 'పుత్రశోక' దగ్గర చిన్న ఊపిరి తీసుకుని 'దావానలము' ఒక్క పట్టున అంటే అగ్ని కళ్ళకు కడుతుంది. కాబట్టి హార్మోనియం తెరవకముందే కనీసం పది రోజులు పద్యాలను వచనంలా చదవండి. అర్థం తెగే చోట పెన్సిల్‌తో నిలువు గీత పెట్టండి. రాగం తీయడం ఆ గీతల దగ్గరే.

అపోహ: "మన యాసోళ్ళకు పద్యం రాదు."

వాస్తవం: ఈ మాట ఎక్కువగా బాధపెడుతుంది, ఎందుకంటే ఇది అనేవాళ్ళు మనవాళ్ళే. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక వేసి 354 మంది కవులను చూపించారు. ఆయనదీ అలంపురం ప్రాంతమే. రాయబారం పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు సంస్థానాల్లో అవధానాలు చేసి సన్మానాలు అందుకున్నారు. చెర్విరాల భాగయ్య యక్షగానాలు మన పల్లెల్లో చదువురాని వాళ్ళ నోటా పలికాయి. పద్యం ఈ నేలకు కొత్త కాదు.

సాధన కావాల్సింది ఒత్తక్షరాలకు, శ, ష, స తేడాకు, ణ, ళలకు. అరచేయి నోటికి బెత్తెడు దూరంలో పెట్టి 'ధర్మము', 'భార్య', 'ఘోరము' అనండి. ఒత్తు సరిగ్గా పలికితే గాలి చేతికి తగులుతుంది. రోజూ పావుగంట చొప్పున మూడు వారాలు చేస్తే తేడా మీకే వినబడుతుంది.

అపోహ: "తబలా ఆగితే నాటకం చప్పబడ్తది."

వాస్తవం: పద్యానికి తాళం లేదు. అది నడుస్తున్నంతసేపు తబలా ఊరుకోవాలి. ముగింపులో అందుకోవడం, పాటల్లో నడపడం, ప్రవేశాలకు ఊపునివ్వడం దాని పని. ఇంకో సంగతి: రాత్రి మంచుకు తబలా చర్మం చెమ్మ పట్టి శ్రుతి కిందికి జారుతుంది, హార్మోనియం మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే ప్రతి రంగం మధ్యా సుత్తితో సరిచూసుకోవాలి.

అపోహ: "వన్స్‌మోర్ అంటే గెలిచినట్టే."

వాస్తవం: దర్బారు రంగంలో సరే. శవం ముందు కూర్చున్న తల్లి అదే ఏడుపు రెండోసారి పాడితే, మొదటిసారి వచ్చిన కన్నీళ్ళు కూడా వెనక్కిపోతాయి. కాటిసీనులో వన్స్‌మోర్ ఉండదని ముందే మైకులో చెప్పేయండి. జనం అర్థం చేసుకుంటారు.

ఆ మైకులోనే ఇంకో మాటా చెప్పాలి. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదే అయినా, కాటిసీనులో పాడే పద్యాల్లో కొన్ని గుర్రం జాషువా శ్మశానవాటిక ఖండికలోనివి. ఇద్దరి పేర్లూ చెప్పడం మన బాధ్యత.

అపోహ: "నాటకమంటే తెల్లార్లూ ఆడాలె."

వాస్తవం: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండుగలు, సాంస్కృతిక కార్యక్రమాల కోసం ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. పోలీస్ స్టేషన్లో ముందుగానే దరఖాస్తు పెట్టి అనుమతి చేతిలో ఉంచుకోండి. ఆరున్నరకు తెర తీసి మూడు గంటల్లో ముగించేలా కుదించండి. విశ్వామిత్రుడి ఘట్టం, నక్షత్రకుడు, వారణాసిలో అమ్మకం, కాటిసీను నిలబడితే కథ నిలబడుతుంది.

మైకు సెట్ వాళ్ళకు ఒకటే చెప్పండి: స్పీకర్ బాక్సులు మైకుల కన్నా ముందుకు, జనం వైపు ఉండాలి. వెనక పెడితే కీచుమని కూస్తుంది. హార్మోనియానికి విడిగా ఒక మైకు, నటులకు శ్రుతి వినబడటానికి వేదిక మీదికి తిరిగిన చిన్న బాక్సు ఒకటి ఉంటే సగం అపశ్రుతులు తగ్గుతాయి.

అపోహ: "పాతకాలం రంగులు సహజమైనవి, ఏం కాదు."

వాస్తవం: ముఖానికి పసుపు రంగుగా పూసే అర్దళం ఆర్సెనిక్ (పాషాణం) కలిసిన ఖనిజం, ఎరుపుకు వాడే ఇంగిలీకంలో పాదరసం ఉంటుంది. చెమటతో పెదవుల్లోకి, కళ్ళల్లోకి దిగుతాయి. వాటిని ముట్టుకోవద్దు. దుకాణాల్లో దొరికే పాన్‌కేక్ మేకప్ వాడండి, అదీ ముందురోజు మోచేతి మడతలో కొంచెం రాసి చూసుకున్నాకే. మీసాల గమ్‌ను లాగి పీకకుండా కొబ్బరినూనెతో నానబెట్టి తీయాలి.

అపోహ: "లోహితాస్యుడికేముంది, పండుకునుడే కదా."

వాస్తవం: నాటకం మొత్తంలో కష్టమైన వేషాల్లో హరిశ్చంద్రుడి కొడుకు లోహితాస్యుడిదొకటి. కాటిసీనులో ఆ పిల్లాడు అరగంటకు పైగా కదలకుండా పడుకోవాలి. మధ్యాహ్నం కాసేపు నిద్రపుచ్చండి, తెర లేవకముందే అన్నం పెట్టేయండి, రంగానికి ముందు ఒకటికి పంపండి. కింద మందంగా దుప్పటి పరిచి, పైన గుడ్డను పొట్ట దగ్గర మడతలుగా వేస్తే ఊపిరి కదలిక కనిపించదు. ముఖం జనానికి అవతలివైపు తిప్పి ఉంచాలి. ఫోకస్ లైట్లకు పురుగులు మూగి పిల్లాడి ముఖం మీదే రాలతాయి. అందుకే వేదికకు ముప్పై అడుగుల దూరంలో ఇంకో పెద్ద బల్బు వెలిగించి పెట్టండి, చాలా పురుగులు అటు పోతాయి.

చంద్రమతి చేయి ఒకటి ఎప్పుడూ పిల్లాడి చేతి మీదే ఉండాలి. దురద పుట్టినా, భయమేసినా ఆమె వేలు నొక్కమని రిహార్సల్‌లోనే చెప్పి ఉంచితే, ఏడుస్తూ కొంగు సవరిస్తున్నట్టే వంగి ఆ దురద తీర్చగలదు.